పెన్సిళ్ళు పడేసే ఉద్యోగం

ఆమె ఉద్యోగం పెన్సిళ్ళు కింద పడేయడం. నవ్వకండి. వారానికి అయిదు రోజులు, రోజుకు పదీ పన్నెండు సార్లు, ఇరవై పెన్సిళ్ళున్న అట్టపెట్టెను చెయ్యి జారినట్టు జారవిడిచి "అయ్యో" అనడం ఆమె పని. పదకొండేళ్ళుగా అదే చేస్తోంది. అందుకు నెల జీతం, మెడలో ఫోటో ఉన్న కార్డు, వరండాలో కూర్చోవడానికి ఓ బల్ల. ఆ భవనంలో ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి పాఠాలు చెప్పేవాళ్ళ దాకా అందరూ ఆమెను పెన్సిళ్ళక్క అనేవారు. అసలు పేరు జీతం చీటీ మీద మాత్రం ఉండేది.

మనస్తత్వశాస్త్ర విభాగం మూడో అంతస్తు చివర ఒక గది ఉంది. లోపల మెత్తటి కుర్చీ, గోడలకు దూది పలకలు, రెండు స్పీకర్లు. ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్ళు, ఎక్కువగా విద్యార్థులే, ఒకరి తర్వాత ఒకరు ఆ కుర్చీలో కూర్చుని ఎనిమిది నిమిషాలు సంగీతం వింటారు. కొందరికి దిగులు పాట, కొందరికి ఉషారు పాట. వినే ముందు ఒకసారి, విన్నాక ఒకసారి, "ఇప్పుడు మీ మనసెలా ఉంది" అని అడిగే కాగితం మీద సున్నాలు నింపుతారు. ఆ కాగితాలు చదివే యంత్రానికి పెన్సిల్ గుర్తులు తప్ప మరేవీ కనపడవు గనుక ఆ అంతస్తులో పెన్ను అన్నదే దొరకదు. కాగితం నింపి, పని అయిపోయిందనుకుని వాళ్ళు బయటికి వస్తారు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుందని పాపం వాళ్ళకు తెలియదు. వరండాలో ఎదురుగా వస్తున్న ఓ నడివయసు ఆడమనిషి చేతిలోంచి పెట్టె జారి పెన్సిళ్ళన్నీ దొర్లిపోతాయి. ఎవరు ఎన్ని ఏరి ఇచ్చారన్నదే లెక్క.

మొదటి ఏడు లెక్క ఎటూ తేలలేదు. రెండో ఏటి నుంచి దిగులు పాట విన్నవాళ్ళు సగటున పదకొండు పెన్సిళ్ళు ఏరేవారు. ఉషారు పాట విన్నవాళ్ళు మూడు. ఈ పదకొండుకీ మూడుకీ మధ్య ఉన్న సందులోనే విభాగానికి పెద్ద అయిన పెద్దసారు ఇల్లు కట్టుకుని కాపురం పెట్టాడు. మూడు పుస్తకాలు రాశాడు. "దుఃఖ సంగీతం మనిషిని మెత్తబరుస్తుంది" అని ఆయన వేదికెక్కి చెబితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. జైళ్ళలో ఏ పాట వేయాలి, బడుల్లో ఏ పాట వేయాలి అని ఆయన దగ్గరికి వచ్చి అడిగేవారు.

ఈ పెద్దసారు పెన్సిళ్ళక్కకు స్వయానా మరిది. చెల్లెలి మొగుడు. ఆ చెల్లెలు పోయి పదకొండేళ్ళు దాటింది.

చెల్లెలు పోయిన రెండో నెలలో ఆయన ఇంటికొచ్చి, "వదినా, నాకు నమ్మకమైన మనిషి కావాలి, వచ్చి చేరండి" అన్నాడు. అప్పటిదాకా ఆమె ఓ బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పేది. భార్య పోయినా భార్య వైపు వాళ్ళను వదల్లేదు, ఎంత మంచి మనసో అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆమె మెచ్చుకోలేదు. చెల్లెలు ఆస్పత్రిలో నాలుగు రోజులుంటే ఈ మనిషి తనకు నాలుగో రోజు కబురు పెట్టాడు. అప్పటికి చెల్లెలికి స్పృహ లేదు. ఎందుకు చెప్పలేదని నిలదీస్తే, "ఎవరినీ పిలవొద్దంది వదినా, మిమ్మల్ని కూడా" అన్నాడు. ఆ ఒక్క మాట ముల్లులా దిగింది. తను ఎత్తుకుని పెంచిన పిల్ల, జడ వేసిన పిల్ల, చివర్లో తనను వద్దంది. మరిది మీద మంట ఎంతో, చెల్లెలి మీద అలక కూడా అంత. చచ్చిపోయినవాళ్ళ మీద అలిగితే తీర్చేవాళ్ళుండరు కదా, అది అలాగే గడ్డకట్టిపోయింది.

అయినా ఉద్యోగానికి ఎందుకు వచ్చిందంటే, ఆ దిగులు పాట వాయించింది చెల్లెలే.

చెల్లెలు వయొలిన్ వాయించేది. పెద్ద పేరేమీ లేదు; పెళ్ళయ్యాక బయట వాయించింది తక్కువ. పోవడానికి ముందెప్పుడో ఇదే గదిలో మొగుడి ప్రయోగం కోసం ఎనిమిది నిమిషాల ముక్క ఒకటి వాయించి ఇచ్చింది. చెల్లెలి చేతి వాయిద్యం ఈ లోకంలో మిగిలింది అదొక్కటే. పెన్సిళ్ళక్క చేరిన కొత్తలో, "నాకోసారి వినిపించండి, ఓ కాపీ ఇవ్వండి" అని అడిగింది. మరిది తల అడ్డంగా ఊపాడు. అది బయటికి పొక్కితే, ముందే విన్నవాళ్ళు వచ్చి కూర్చుంటే ప్రయోగం చెడుతుందట. పైగా పెన్సిళ్ళు పడేసే మనిషికి లోపల ఏ పాట నడుస్తోందో అసలు తెలియకూడదట, అది శాస్త్రం నియమమట. మరో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే జవాబు. ఊళ్ళో ప్రతి విద్యార్థీ ఆ కుర్చీలో చేరగిలబడి చెల్లెలి పాట వింటాడు. తోడబుట్టినది మాత్రం తలుపు బయట పెట్టె పట్టుకుని నిలబడాలి.

అప్పట్నుంచి ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. "సరే సార్", "అయింది సార్" అన్న రెండు ముక్కలతో ఏళ్ళు గడిపింది. వరండాలో ఎదురుపడితే గోడ వైపు తిరిగేది. ఆయన కూడా తక్కువ తినలేదు. నలుగురిలో ఆమెను "ఆవిడ" అనేవాడు. సెలవు రోజు కూడా రమ్మనాల్సి వస్తే మాత్రం "వదినా" అనేవాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

రెండో ఏడు ఆ గదికి ఏసీ బిగించారు. అంతకు ముందే గది గోడల్లోంచి శబ్దం బయటికి రావడం లేదని పెద్దసారు మీటరు పెట్టి మరీ కొలిపించాడు. ఏసీ వచ్చాక మళ్ళీ కొలవాలని ఎవరికీ తోచలేదు. గాలి గొట్టం గదిలోంచి బయలుదేరి వరండా పైకప్పు కింద సాగి, సరిగ్గా ఆమె బల్ల మీదుగా వెళ్ళేది. అక్కడో జాలీ కిటికీ. అది పెట్టిన రోజు, తలుపు మీద ఎర్రబల్బు వెలిగి ఉండగా, ఆ జాలీలోంచి సన్నగా, దోమ రొద కంటే కొంచెం గట్టిగా, వయొలిన్ వినపడింది. ఆమె పెట్టె ఒళ్ళో పెట్టుకుని తల పైకెత్తి అలా ఉండిపోయింది. కమాను తీగ మీద మోపే ముందు చెల్లెలు పీల్చే చిన్న ఊపిరి కూడా తెలిసింది.

ఎవరికీ చెప్పలేదు. గోడకు చెవులుంటాయంటారు, ఇక్కడ గోడకు నోరు కూడా వచ్చింది. చెబితే బల్ల జరుపుతారు. బల్ల జరిపితే చెల్లెలు పోతుంది. అంతే, నోరు కుట్టేసుకుంది. ఉషారు పాట రోజుల్లో అదే జాలీలోంచి డబడబమంటూ డోలు, పిచ్చి గంతుల బాకా వచ్చేవి. చెల్లెలి కోసం చెవులు రిక్కించిన మనిషికి ఆ బాకా వింటే ఒళ్ళు మండిపోయేది. ఎనిమిది నిమిషాలూ పళ్ళు కొరుక్కుంటూ కూర్చునేది.

ఇలా ఉండగా వేరే రెండు ఊళ్ళలో ఇదే ప్రయోగాన్ని తు.చ. తప్పకుండా చేసి చూశారు. అదే పాట ఇక్కణ్ణించే పంపి పని కాగానే వెనక్కి తెప్పించారు, అవే పెన్సిళ్ళు, అంతే మంది మనుషులు. రెండు చోట్లా తేడా ఏమీ రాలేదు. దిగులుకు ఆరు, ఉషారుకు ఆరు. పెద్దసారు వాళ్ళ మీద నిప్పులు చెరిగాడు. చేతకానివాళ్ళన్నాడు, అసూయ అన్నాడు. చివరికి పరిశోధనలకు డబ్బిచ్చే, పైనున్న సంఘం వాళ్ళు విషయం తేల్చమని ఒక మనిషిని పంపారు.

ఆమెను అందరూ తనిఖీ అమ్మాయి అన్నారు. అమ్మాయంటే ముప్పై అయిదేళ్ళుంటాయి. తక్కువ మాట, కళ్ళు మాత్రం జేబుదొంగవి. మొదటి రోజు వరండా ఆ చివర కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది. లెక్క ఎప్పటిలాగే వచ్చింది: దిగులుకు పదకొండు, ఉషారుకు మూడు. పెద్దసారు ఆ సాయంత్రం మీసం మెలేశాడు.

రెండో రోజు పొద్దున్న పెన్సిళ్ళక్క వచ్చేసరికి జాలీలో మందపాటి స్పంజి ముక్క కుక్కి ఉంది. ఆమె బల్ల మీద కూర్చుని చెవి అటే పెట్టింది. ఎర్రబల్బు వెలిగింది. ఏమీ వినపడలేదు. మళ్ళీ వెలిగింది. ఏమీ లేదు. సాయంత్రం దాకా పన్నెండుసార్లు పెట్టె జారవిడిచింది, ఏ పాటకు జారవిడుస్తోందో తెలియకుండానే. లెక్క చూస్తే దిగులుకు ఆరు, ఉషారుకు ఆరు.

మర్నాడు పొద్దున్న పెద్దసారు వరండాలోనే, నలుగురూ చూస్తుండగా అరిచాడు. "కావాలని చేసింది! పదకొండేళ్ళ కసి నిన్న తీర్చుకుంది. సమయం చూసి నా కొంప ముంచింది ఈవిడ!"

"నేను రోజూ చేసిందే చేశాను సార్" అందామె.

"చేస్తే లెక్క ఎందుకు మారింది?"

"పెన్సిళ్ళనడగండి."

తనిఖీ అమ్మాయి ఆమెను పక్క గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. వరండాలో ఇన్నేళ్ళుగా ఓ కెమెరా ఉంది. కానీ పెద్దసారుకు కావలసింది పెన్సిళ్ళ లెక్క కనుక అది నేల వైపు చూస్తూ ఉండేది. ఎవరి చేతులు ఎన్ని ఏరాయో దానికి తెలుసు. ఎవరి ముఖం ఎలా ఉందో పదకొండేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. తనిఖీ అమ్మాయి మొదటి రోజే మనిషి ఎత్తులో ఇంకోటి పెట్టింది.

"నా మాట మీరు నమ్మక్కర్లేదమ్మా. మిమ్మల్ని మీరే చూసుకోండి" అంది.

తెర మీద మొదట ఒక ఆడమనిషి వచ్చింది. కళ్ళ కింద తడి. పెట్టె జారింది, "అయ్యో" సగంలో తెగిపోయింది. పెన్సిళ్ళు దొర్లడం ఆగకముందే ఆమె మోకాళ్ళ మీద కూలబడి, ఏది ఏరాలో తోచనట్టు నేలంతా తడుముతోంది. గదిలోంచి వచ్చిన కుర్రది సంచీ అవతల పడేసి పరిగెత్తుకొచ్చింది, గబగబా ఏరింది, "పర్లేదాంటీ, పర్లేదు" అంటూ వీపు నిమిరింది. తర్వాత ఇంకో ముక్క. అదే ఆడమనిషి, అదే చీర. దవడ బిగించి ఉంది. పెట్టె జారినట్టు లేదు, నేలకేసి కొట్టినట్టుంది. వంగి ఒక్కో పెన్సిల్‌నూ లాక్కుంటున్న తీరు చూస్తే, దగ్గరికొస్తే కరుస్తుందేమో అనిపిస్తుంది. గదిలోంచి వచ్చిన అబ్బాయి మొహమాటానికి రెండు ఏరి, అక్కడ పెట్టి, గోడ పక్కనుంచి తప్పుకుని పోయాడు.

"ఇది నేనా?" అంది పెన్సిళ్ళక్క.

"రెండూ మీరే. మొదటిది దిగులు పాటప్పుడు. రెండోది ఉషారు పాటప్పుడు. నిన్న నేను జాలీ మూశాక మాత్రం రోజంతా ఒకేలా ఉన్నారు."

ఆమెకు మొహం చెల్లలేదు. ఇన్నేళ్ళూ తను ఒకేలా చేస్తున్నాననే అనుకుంది. కుట్టుపనిలో కూడా ఏనాడూ ఒక కుట్టు ఎక్కువ తక్కువ వేసిన మనిషి కాదు. ఇప్పుడు చూస్తే, ఆ పాట పనిచేసింది లోపల కుర్చీలో కూర్చున్నవాళ్ళ మీద కాదు, బయట బల్ల మీద కూర్చున్న తన మీద. వేల మందిని కూర్చోబెట్టి, మూడు పుస్తకాలు రాసి, కొండను తవ్వి పట్టిన ఎలుక ఇదన్నమాట: ఏడుస్తున్న ఆడదానికి జనం సాయం చేస్తారు, కోపంగా ఉన్నదానికి దూరంగా జరుగుతారు. ఈ సంగతి ఏ పాలమ్మే మనిషినడిగినా చెప్పేవాడు.

తనిఖీ అమ్మాయి ఓ కాగితం ముందు పెట్టింది. "ఒక్క రోజు లెక్కతో ఏమీ తేలదు, స్పంజికీ దీనికీ సంబంధం లేదు అంటున్నారు మీ సారు. ఆయన అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. అందుకే మీ మాట కావాలి. ఒకటే ప్రశ్న. లోపల ఏ పాట నడుస్తోందో బయట మీకు వినిపించేదా, లేదా? ఏదో ఒక సున్నా నింపి సంతకం పెట్టండి. నేను నాలుగింటికి బయల్దేరాలి."

"నింపితే ఏమవుతుంది?"

"వినిపించేది కాదంటే, ఆయన లెక్క నిలబడుతుంది, గది నడుస్తుంది. వినిపించేదంటే గది మూస్తారు. టేపులతో సహా అన్నీ సంఘం స్వాధీనం చేసుకుంటుంది. ఇంక ఎవరికీ ఇవ్వరు."

ఆమె కాగితం మడిచి పట్టుకుని బయటికి వచ్చింది. వరండాలో పెద్దసారు నిలబడి ఉన్నాడు. అరుపులన్నీ ఎటు పోయాయో, గొంతు తేనెలో ముంచుకొచ్చాడు.

"వదినా, ఒక్కమాట. నా గదిలోకి రండి."

తలుపు వేసి ఆమెకు కుర్చీ జరిపాడు. పదకొండేళ్ళలో ఇదే మొదలు. "పొద్దున్న నోరు జారాను. మనసులో పెట్టుకోకండి. మీరు కాదు అని నింపండి. ఆ రికార్డింగు మీకిచ్చేస్తాను. కాపీ కాదు, అసలుదే. ఇంటికి పట్టుకెళ్ళండి, రోజూ వినండి."

"మూడుసార్లు అడిగితే ఇవ్వలేదు."

"అప్పుడు నియమాలు. ఇప్పుడు మీరూ నేనూ ఒకే పడవలో ఉన్నాం. గది మూస్తే మీకేం ఒరుగుతుంది చెప్పండి? మీ చెల్లెలి పాట ఎక్కడో బీరువాలో పడి మూలుగుతుంది. మీరు విన్నది చాలనుకుంటున్నారా?"

ఆయనకు తెలిసిందన్నమాట. జాలీలోంచి వినేదని, ఎందుకు వినేదో కూడా. ఆ తెలివితేటలకే ఆమెకు అసహ్యం వేసింది. కానీ మనసు అబద్ధమాడదు. ఇల్లు కళ్ళ ముందుకు వచ్చింది, కిటికీ పక్కన కుర్చీ, జాలీ అడ్డు లేకుండా, బాకా భయం లేకుండా, చెల్లెలి వయొలిన్ నిండుగా. ఒక్క సున్నా నింపితే చాలు. శాస్త్రం గొడవ తనకెందుకు? ఎవడి కొంప మునిగితే తనకేం? నింపుదామనే అనుకుంది.

"ముందు వినిపించండి" అంది. "ఆ గదిలో, ఆ కుర్చీలో. ఎనిమిది నిమిషాల ముక్క కాదు. కత్తిరించక ముందుది, మొత్తం."

ఆయన మొహం వికసించింది. ఇన్నేళ్ళుగా తన సిద్ధాంతాన్ని లోకమంతటికీ బోధించిన మనిషి, దాన్ని నిజంగానే నమ్మాడు. దిగులు పాట మనిషిని మెత్తబరుస్తుంది కదా! "తప్పకుండా వదినా. వినండి. విన్నాక మీకే తెలుస్తుంది ఏం చెయ్యాలో" అన్నాడు. ఆ రికార్డింగును ఆయన చివరిదాకా విని పదకొండేళ్ళయింది. ఆయనకు అది ఎప్పుడూ లెక్కే, పాట కాదు.

ఆమె మెత్తటి కుర్చీలో కూర్చుంది. ఎర్రబల్బు వెలిగింది. ఆయన బయటే ఉండిపోయాడు, వినేవాళ్ళను ఒంటరిగా వదలాలన్నది ఆయన పెట్టిన నియమమే.

చెల్లెలు వచ్చింది. అంత దగ్గరగా వస్తుందని ఆమె అనుకోలేదు. వేలు తీగ మీద జారిన చప్పుడు, చీర కొంగు సర్దుకున్న చప్పుడు. కమాను నెమ్మదిగా, నీరసంగా, నిలవలేనట్టు కదులుతోంది. జాలీలోంచి విన్నప్పుడు అది రాగంలో ఉన్న దిగులనుకుంది. ఇంత దగ్గర్నుంచి వింటే తెలిసిపోయింది. స్వరం చివర వణుకు సంగీతం కాదు. చెయ్యి వణుకు. మధ్య మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ పిల్ల సరిగ్గా అలాగే ఎగపీల్చేది.

ఎనిమిది నిమిషాలయ్యాయి. పాట ఆగింది. టేపు ఆగలేదు. దగ్గు వినపడింది, చాలాసేపు. తర్వాత మాటలు.

"అయిందా అండీ? ఇంక చెయ్యి లేవట్లేదు."

"అద్భుతం. పదిహేడుసార్లలో ఇదే బాగా వచ్చింది. ఆ నీరసం ఉంది చూశావా, అదే కావాలి నాకు. బాగున్నప్పుడు వాయిస్తే రాదది. ఇంకొక్కసారి."

"జ్వరం ఎక్కువైనట్టుందండీ. అక్కకి ఫోన్ చెయ్యరూ? అక్క వచ్చి తీసుకెళ్తుంది."

"చేద్దాంలే. ముందిది కానీ."

"అక్కని పిలవండి. అక్క కావాలి నాకు."

"అన్నాను కదా, ఇదయ్యాక చేస్తానని. వయొలిన్ ఎత్తు."

చిన్న ఊపిరి పీల్చిన చప్పుడు. కమాను తీగ మీద మోపింది. అక్కడితో టేపు అయిపోయింది.

ఆమెకు ఏడుపు రాలేదు. పదకొండేళ్ళ అలక ఒక్కసారిగా కరిగి, అది ఉన్నచోట పెద్ద ఖాళీ మిగిలింది. పిల్ల తనను వద్దనలేదు. అక్క కావాలంది, రెండుసార్లు అడిగింది, ఈ గదిలోనే కూర్చుని అడిగింది. ఆ తర్వాత ఆ ఖాళీలోకి కోపం వచ్చి కూర్చుంది. అది బాకా మీద కోపంలా పళ్ళు కొరికేది కాదు. నిదానంగా, చల్లగా ఉంది.

ఎర్రబల్బు ఆరి పచ్చబల్బు వెలిగింది. తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

వరండాలో పెద్దసారు ఎదురొచ్చాడు, చేతిలో అట్ట, దాని మీద కాగితం పెట్టుకోవడానికి సిద్ధంగా. ఆ చివర తనిఖీ అమ్మాయి సంచీ భుజాన వేసుకుని గడియారం చూసుకుంటోంది.

"విన్నారుగా వదినా. ఇదిగో, ఇక్కడ..." అంటూ ఆయన ఆమె మొహంలోకి చూశాడు. టేపు చివర ఏముందో అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, మొహం పాలిపోయింది. ఆమెకు పెన్సిల్ ఇవ్వడానికి బల్ల మీది పెట్టె అందుకోబోయాడు. పెట్టె జారింది. ఇరవై పెన్సిళ్ళూ చెల్లాచెదురుగా దొర్లాయి.

"అయ్యో" అన్నాడు. నటన కాదు.

ఆయన మోకాళ్ళ మీద వంగాడు. లావు మనిషి, వంగడం అలవాటు లేదు, ఒక చెయ్యి గోడకు ఆనించుకున్నాడు. "వదినా, అప్పుడు అది అంత జబ్బని నాకు తెలియదు. ఒట్టు. మామూలు జ్వరమనుకున్నా. నా మాట వినండి..."

"అక్క కావాలంది అది" అంది ఆమె. "రెండుసార్లు అడిగింది. వద్దందని చెప్పావు నువ్వు నాకు."

మరిదిని ఆమె నువ్వు అనడం ఆయన పెళ్ళినాటి నుంచి ఇదే మొదటిసారి.

"వదినా, కోపంలో చెయ్యకండి. కాదు అని నింపండి, టేపు మీదే. ఇప్పుడే ఇస్తాను, ఈ క్షణమే. నింపకపోతే జన్మలో మళ్ళీ వినలేరు."

అది నిజం. ఈ ఒక్క మాట మాత్రం ఆయన నిజమే చెప్పాడు. ఇక ఆ చిన్న ఊపిరి, ఆ కమాను, ఆ గొంతు వినపడవు. బీరువాలోకి పోతాయి. ఆమె గట్టిగా కళ్ళు మూసుకుని తెరిచింది. చెల్లెల్ని రోజూ వినాలంటే ఆ చెల్లెల్ని ఆఖరిసారి వాయించమన్నవాడి పక్కన నిలబడాలి. రోజూ ఆ పాట చివర, "వయొలిన్ ఎత్తు" అన్న గొంతు కూడా వినాలి.

ఆమె వంగింది. ఆయన కళ్ళలో ఆశ వెలిగింది. ఎంతైనా దిగులు పాట విని వచ్చిన మనిషి కదా.

ఒక్క పెన్సిల్ తీసుకుంది. నడుము ఎత్తి, ఆయన్ని దాటుకుని, వరండా ఆ చివరికి నడిచింది. మడిచిన కాగితం విప్పి గోడకు ఆనించి, "వినిపించేది" అన్నదాని పక్కనున్న సున్నా నల్లగా నింపింది. కింద జీతం చీటీ మీదున్న అసలు పేరుతో సంతకం పెట్టింది.

"ఇంకో విషయం" అంది కాగితం ఇస్తూ. "ఆ టేపు మీరు తీసుకెళ్తారు కదా. ఎనిమిది నిమిషాల దగ్గర ఆపకండి. చివరిదాకా వినండి. మీ సంఘం మొత్తాన్నీ కూర్చోబెట్టి వినండి."

తనిఖీ అమ్మాయి తల ఊపి కాగితం సంచీలో పెట్టుకుంది. వరండాలో మోకాళ్ళ మీద ఉన్న మనిషి వైపు, ఆమె చేతిలోని పెన్సిల్ వైపు చూసింది.

"లెక్కలో రాసుకోమ్మా" అంది పెన్సిళ్ళక్క. "దిగులు పాట విన్నావిడ, ఒకటి."

మెళ్ళో కార్డు తీసి బల్ల మీద పెట్టి మెట్ల వైపు వెళ్ళిపోయింది. మిగతా పంతొమ్మిదీ ఆయనే ఏరుకున్నాడు.